కాచిన నేల, కాచని గోడ

1780వ సంవత్సరమున చీనా చక్రవర్తి చియెన్‌లుంగ్ డెబ్బదవ జన్మదినోత్సవమునకై కొరియారాజు పంపిన రాయబారవర్గములో, ఉద్యోగమేమియు లేకున్నను, రాయబారికి దాయాది యగుటచే చోటు సంపాదించుకొన్న పాక్ జివోన్ అను పండితు డొకడుండెను. తక్కినవారు దర్బారు మర్యాదలను గూర్చి తర్జనభర్జనలు పడుచుండ, ఈతడు దారిపొడవునను ఇటుకబట్టీలను, బండిచక్రములను, ఇండ్లకప్పులను, పొయ్యిలను పరికించుచు పోయి, స్వదేశమునకు మరలిన పిదప ‘యొల్హా దినచర్య’ యను యాత్రాగ్రంథమును రచించెను. అది నేటికిని కొరియా వచనవాఙ్మయమున అగ్రస్థానము నందుకొనుచున్నది. ఆ గ్రంథమున చీనావారి ‘కాంగ్’ను, అనగా ఇటుకలతో కట్టి లోపలినుండి పొగను పారించి కాచుకొను తిన్నెను వర్ణించుచు, ఆ సందర్భముననే తన దేశపు వెచ్చని నేలయగు ఒందోల్‌కు ఆరు దోషములు లెక్కించి చూపెను. మట్టిగట్లు కట్టి వానిపై రాళ్లు పరచుటచే అవి కదలి క్రుంగుననియు, రాళ్లు ఎగుడుదిగుడుగా నుండుటచే పల్లములను మట్టితో పూడ్పవలసివచ్చి వేడి సమముగా ప్రాకదనియు, పొగకాలువలు మిక్కిలి ఎత్తుగను వెడల్పుగను ఉండుటచే మంట పైబండ నందుకొనజాలదనియు ఆరంభించి, నాలుగవ దోషముకడకు వచ్చుసరికి ఆయన కలము మరింత పదునెక్కెను: గోడలు పలుచన, వానినిండ సందులు, ఆ సందులగుండ గాలి చొరబడి మంటను వెనుకకు నెట్టి గదిని పొగతో నింపుచున్నది.

ఈ యారింటిలో ఒక్కటియు ఇంధనము చాలలేదన్న ఫిర్యాదు కాదన్న సంగతి గమనింపదగినది. కట్టె కొరతపడినందున ఇల్లు చల్లబడుచున్నదని ఆయన అనలేదు. పుట్టిన వేడి పోవలసిన చోటికి పోక, పోగూడని చోటికి పోవుచున్నదనియే ఆయన ముఖ్యాభియోగము. నేలను కాచి ఇల్లు వెచ్చబరచు విద్యకు సుమారు రెండువేల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రనంతయు నిప్పు చరిత్రగా వ్రాయుట పరిపాటి. దానిని తప్పించుకొనిపోవు వేడి చరిత్రగా చదివినచో మరింత సత్యముగా నుండునని నా యభిప్రాయము.

ఒందోల్ నిర్మాణము చూచుటకు సరళము, చేయుటకు కఠినము. వంటింటి నేల పడకగది నేలకంటె పల్లముగా నుండును. అచటి పొయ్యిపై ఇనుపకాగులో అన్నమో పులుసో ఉడుకుచుండగా, ఆ పొయ్యిమంటయే కాగును దాటి ఇరుకైన మెడగుండ పైకెక్కి, పడకగది క్రిందనున్న పొగకాలువలలో ప్రవేశించి, వానిపై పరచిన బండలను కాచుచు గది ఆవలిగోడవరకు ప్రయాణించి, అచట త్రవ్విన గోతిలో మసిని విడిచి, పొగగొట్టమున బయల్వెడలును. ఒక్క మంటతో వంటయు, వెచ్చదనమును. పొయ్యికి దగ్గరనున్న బండలు దళసరిగా, వానిపై మట్టిపూత మందముగా ఉండును. దూరము పోయినకొలదియు రెండును పలుచబడును. దగ్గరిచోటు మాడిపోకుండుటకును, దూరపుచోటు చల్లబడకుండుటకును మేస్త్రీ పాటించు ఈ తారతమ్యమే ఆ శిల్పమునకు ప్రాణము. ఎంత నేర్పరి కట్టినను తేడా పూర్తిగా పోదు; పొయ్యివైపు చోటు ‘అరెన్మోక్’, ఆవలివైపు చోటు ‘విన్మోక్’ అని కుటుంబమర్యాద లేర్పడినవి. వెచ్చనిచోటు తాతదో, అతిథిదో, చల్లనిచోటు పిల్లలది. ప్రొద్దుపోయి యిల్లు చేరు యజమానికై మూతపెట్టిన అన్నపుగిన్నెను అరెన్మోక్‌పై బొంతక్రింద దాచుట ఆ దేశమున మొన్నమొన్నటివరకు ప్రతి గృహిణియు చేసిన పని.

మట్టిపూత ఆరినపిమ్మట మల్బరీజాతి చెట్టుబెరడుతో చేసిన కాగితమును పొరమీద పొరగా అంటించి, నానబెట్టి నూరిన సోయాగింజలలో పెరిల్లా నూనె కలిపి గుడ్డలో మూటగట్టి దానితో నేలయంతయు రుద్దుదురు. తేనెరంగుతో మెరయు ఆ నేలపై నీరు నిలువదు, దుమ్ము పట్టదు. అంతకుమించి, మట్టిలోని సన్ననిబీటలగుండ పొగ పైకి రాదు. తలుపులకును కిటికీలకును ఆ కాగితమే. రెక్కలకును చట్రమునకును నడుమ గాలి దూరకుండ శీతకాలారంభమున అంచులవెంట కాగితపు పేలికలను అంటించుట ఇంటింటి ఆచారము. గోడలు వెదురో చువ్వలో అల్లిన తడికకు గడ్డికలిపిన మట్టి మెత్తినవి. కప్పు వరిగడ్డిదో, మట్టిపరచి పెంకు నేసినదో. కప్పు మాత్రము మేలైనది. ఎండుగడ్డి పొరలలో చిక్కుకొన్న గాలి వేడిని సులభముగా పోనీయదు. కాని గోడలును, కాగితపు కిటికీలును! మైనస్ పదిడిగ్రీలకు దిగు సియోల్ చలిలో ఒక కాగితపు పొర అడ్డముగా నిలుచుట యెట్లు?

నిలువలేదు, నిలువవలసిన యవసరమును అంతగా రాలేదు. ఆ గదిలో కాగినది గాలి కాదు, నేల. ఆ నేలమీదనే జనులు కూర్చుండిరి, భుజించిరి, నిద్రించిరి. నేలనుండి శరీరమునకు వేడి తాకుడువలన నేరుగా ఎక్కెను. తాకని భాగమునకు ఉష్ణవికిరణరూపమున, అనగా సూర్యునివేడి మనకు చేరునట్లు, నడుమనున్న గాలిని అంతగా కాచకయే చేరెను. గాలి చల్లగానున్నను మనిషి వెచ్చగా నుండుట ఇట్టి తాపనమున సాధ్యమగును. అందుచేతనే కొరియావాడు శతాబ్దములపాటు గోడవిషయమున ఉదాసీనుడుగా నుండగలిగెను. ఆ యుదాసీనత మూల్యమును చెల్లించినది అడవి.

చెల్లింపు మెల్లగా జరిగినది. ఉత్తరకొరియాలోని అనాక్‌లో బయల్పడిన, 357వ సంవత్సరమునాటి సమాధిగోడపై పొయ్యి, పొగగొట్టము గల వంటిల్లు చిత్రింపబడియున్నది. ప్రాచీన తాంగ్ చరిత్ర, కొగుర్యొ రాజ్యపు పేదలు శీతకాలమున పొడవైన తిన్నెలు కట్టి వానిక్రింద నిప్పు పెట్టి వెచ్చబరచుకొందురని చెప్పుచున్నది. అనగా మొదట అది పేదవాని సౌఖ్యము, అదియును గదిలో ఒకమూలకు పరిమితమైనది. గదినేల అంతయు కాగుట తరువాతి శతాబ్దముల మార్పు. అదియైనను వెంటనే వ్యాపింపలేదు. పదునెనిమిదవ శతాబ్దపు పండితుడు యి ఇక్, వృద్ధుల నోట విన్నమాటగా, నూరేండ్లక్రిందట గొప్పవారి పెద్దభవనములలోసైతము ఒందోల్ గదులు ఒకటిరెండుమాత్రమే యుండెడివనియు, అవియు వృద్ధులకును రోగులకును కేటాయింపబడినవనియు, తక్కినవారందరు చెక్కనేలపై పండుకొనెడివారనియు వ్రాసెను. పదునేడవ శతాబ్దపు తీవ్రశీతలము, సుఖాభిలాష, పెరిగిన జనసంఖ్య ఇవన్నియు కలసి ఒందోల్‌ను ప్రతి గదికి చేర్చినవి. ప్రతిగది క్రిందను పొయ్యి యనగా ప్రతియేటను కొండమీది పైన్‌చెట్లకు అంతమేరకు గొడ్డలిపెట్టు. ఓడలకును రాజభవనములకును కలప మిగులవలెనని పైన్‌అడవులను నరకగూడదన్న రాజశాసనములు పదేపదే వెలువడుటనుబట్టియే అవి పాటింపబడలేదని ఊహింపవచ్చును. పట్టణముల చుట్టునున్న కొండలు బోడివైనవి.

పాక్ జివోన్ సూచించిన చికిత్స ఇటుక. సమమైన ఇటుకలతో కాలువలు కట్టి, ఇరుకు చేసి, సందులు పూడ్చినచో కొద్దికట్టెతోనే గది కాగునని ఆయన వాదము. వాదము సరియైనదే, కాని రాజ్యము చెవినిడలేదు. సంస్కర్తల మాటకు ఇదేమి క్రొత్త?

ఇచట రోమనుల మాట కొంచెము చెప్పుకొనవలెను, ఏలనన నేలను కాచు విద్యలో పాశ్చాత్యులకు వారే ఆదిగురువులు. స్నానశాలల నేలను చిన్న ఇటుకస్తంభములపై నిలిపి, క్రింద మంట పారించు పద్ధతిని రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ వివరించుచు, అడుగునేలను పొయ్యివైపు వాలునట్లు వేయవలెననియు, బంతిని విసరినచో అది పొయ్యినోటికే తిరిగిరావలెననియు వ్రాసెను. అయినను వేడిని నిలుపుటయందు వారి నిజమైన ప్రజ్ఞ నేలలోకాదు, గోడలో కలదు. గోడ లోపలివైపున బోలుగానున్న మట్టిగొట్టములను అమర్చి వానిగుండ వేడిగాలిని పంపుటచే గోడ తాను చల్లబరచుట మాని తాను కాచసాగెను, చెమ్మయు నశించెను. ఈ గోడగొట్టములును, వెలుతురును పోనిచ్చు కిటికీపలకలును తన జీవితకాలముననే పుట్టిన క్రొత్తపోకడలని తత్త్వవేత్త సెనెకా ఒక లేఖలో ఎత్తిపొడిచెను. సామ్రాజ్యము పోయెను, ఆ విద్యయు పశ్చిమ యూరోపున దాదాపుగా మరుగుపడెను.

పాశ్చాత్యులలో ఒక మహాశిల్పికి అది మరల చేరినది రోమునుండి కాదు, కొరియానుండి; అదియును ఒక దోపిడి నీడలో. ఇంపీరియల్ హోటలు నిర్మాణమునకై టోక్యో వచ్చిన అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒక శీతకాలపురాత్రి జపాను ధనికుడు బారన్ ఓకురా ఇంట విందునకు వెళ్లి చలికి గడగడలాడి, భోజనానంతరము ‘కొరియాగది’ అను మరొక గదికి కొనిపోబడగా, ఎచటను నిప్పు కనబడకయే ఒడలంతయు వసంతము తాకినట్లైనదని తన ఆత్మకథలో పరవశించి వర్ణించెను. కొరియా జపానుకు లోబడిన ఆ దినములలో సియోల్ రాజప్రాసాదమునుండి యువరాజ మందిరమైన జాసొన్‌దాంగ్ విప్పి తరలింపబడి ఈ ఓకురా ఆవరణమునకే చేరినది. రైట్ చూచిన గది దానిలోనిదే యని కొందరి ఊహ. 1923 భూకంపాగ్నిలో ఆ మందిరము దగ్ధమైనది. మిగిలిన పునాదిరాళ్లు 1990లలో స్వదేశము చేరినవి. రైట్ మాత్రము ఆ గదిని మరువక, హోటలు స్నానగృహముల నేలక్రింద విద్యుత్తాపకములను అమర్పించెను. తరువాత 1937లో మాడిసన్ నగరమున జేకబ్స్ దంపతులకు కట్టిన చిన్నయింట కాంక్రీటు పలక క్రింద గొట్టములు పరపించెను.

మహాశిల్పియైనను రైట్ ఇచట ఒక పొరపాటు నమ్మకమును తనతో తెచ్చుకొనెను. వేడి సహజముగా పైకి పోవునని ఆయన భావన; అందుచే దానికి ‘గురుత్వతాపన’ మని పేరు పెట్టెను. పైకి పోవునది వేడి కాదు, వేడెక్కిన గాలి. ఘనపదార్థములో వేడికి పైక్రిందుల పక్షపాతము లేదు. ఎటు చల్లగా నున్నదో అటు దిగిపోవును, నేల అడుగుకైనను సరే. జేకబ్స్ ఇంటి గోడలు పలకలమధ్య పలక పెట్టి బిగించినవి, మూడంగుళములైన లేనివి. తోటవైపు నేలనుండి కప్పువరకు ఒంటిపొర గాజుతలుపులు. కాగితపు కిటికీల కొరియాయిల్లే మరల పుట్టెనని అనవచ్చును. ఐతే ఒక్క తేడా. కొరియావాడు నేలపై కూర్చుండెను, అమెరికావాడు కుర్చీలో.

యుద్ధానంతరము ఈ పద్ధతి వేలయిండ్లకు ప్రాకెను. 1947 మొదలు న్యూయార్కు సమీపమున లెవిట్ సోదరులు నాలుగేండ్లలో 17 వేలకు పైబడిన ఇండ్లను కట్టి, వాని కాంక్రీటు పలకలలోనే గొట్టములను పోతపోసి వేడినీరు పారించిరి. నేలమాళిగ త్రవ్వుపని తప్పినది, ఖర్చు తగ్గినది. కాంక్రీటుకును భూమికిని నడుమ మాత్రము వేడిని ఆపునది చెప్పుకోదగినదేదియు లేదు. అట్టి నేలను కాచుట చిల్లికుండలో నీరు పోయుటయే. కుండ నిండదని కాదు, పోయువాడు ఆగరాదు. దశాబ్దముల పిమ్మట కాంక్రీటులోని గొట్టములు తూట్లుపడి అనేకులు వానిని విడిచి గోడవెంట తాపకములు పెట్టించుకొనిరి.

ఈ చిల్లి ఎచటనున్నదో లెక్కకట్టి చెప్పినది 1948 ప్రాంతమున ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు పరిశోధన. నేలపై పరచిన కాంక్రీటు పలకనుండి పోవు వేడి దాని వైశాల్యముకంటె చుట్టుకొలతపై ఎక్కువగా ఆధారపడునని తేలినది. నడుమనున్న భాగము క్రింది మన్నును మెల్లగా కాచుకొని దానితో సంధి చేసికొనును. అంచులు మాత్రము బయటి చలిగాలికి అడుగు రెండడుగుల దూరమున నున్నవి, అచట సంధి కుదరదు. కావున మొదట కట్టడి చేయవలసినది అంచును. పాక్ జివోన్ చెప్పిన పలుచనిగోడలను, సందులను, ఈ పరిశోధకులు వేరొక భాషలో మరల కనుగొన్నారనుకొనుట అతిశయోక్తి కాదు.

కట్టడికి సాధనము ఆనాటికి సిద్ధమగుచునేయుండెను. 1941లో అమెరికాలోని డౌ రసాయనసంస్థ శాస్త్రజ్ఞులు పాలిస్టిరీన్‌ను గాలిబుడగలతో ఉబ్బించి తీయు పద్ధతిని సాధించిరి. యుద్ధకాలమున అది తెప్పలకు పనికివచ్చెను, తరువాత ఇండ్లకు. కాంక్రీటుగుండ వేడి పారు సౌలభ్యము సుమారు 1.5 వాట్లైనచో, అదే కొలతలో నీటిది 0.6, కొయ్యది 0.12, ఈ నురుగుపలకది 0.03 మాత్రమే. ఆపునది ప్లాస్టిక్ కాదు, దానిలో చెర పడిన గాలి. రాయలసీమ మిద్దెపై మందముగా పరచిన చౌడుమన్ను ఎండవేడిని లోనికి దిగనీయకుండుటలోను ఈ న్యాయము కొంత పనిచేయుచున్నది. అచట శత్రువు పైనుండి వచ్చును, అంతే తేడా. చెమ్మ చేరి గాలిస్థానమును నీరాక్రమించెనా, మన్నైనను నురుగైనను తన గుణమును కోల్పోవును. అందుచే తడి నేలపై కట్టిన కాగునేల వంటి దుబారా మరొకటి లేదు. గొట్టముల చిక్కును తీర్చినది 1968లో జర్మన్ శాస్త్రజ్ఞుడు థామస్ ఎంగెల్ సాధించిన సంకరబంధ పాలిథిలీన్. తుప్పు లేదు, కాంక్రీటు తినివేయదు. ఈ రెండు పదార్థములు చేరిన పిదపనే యూరోపున కాగునేలలకు నిబంధనలు స్థిరపడినవి. నేడచటి ప్రమాణము ప్రకారము మనుషులు మసలు చోట నేల ఉపరితలము 29 డిగ్రీలు దాటరాదు; గొట్టముల క్రింది పొర వేడిని అడ్డగించు శక్తి, దిగువన వెచ్చనిగది యున్నచో 0.75 చాలును, మన్నుగాని కాచనిగదిగాని యున్నచో 1.25 ఉండవలెను. రెండువేల యేండ్ల విద్యలో అడుగుభాగమునకు ఇట్లు స్పష్టమైన లెక్క పుట్టినది.

కొరియా కథ ఈలోగా విషాదపు మలుపు తిరిగినది. 1950, 60లలో అడవులను కాపాడుకొనుటకై కట్టెవాడుకను అరికట్టి, తేనెపట్టువలె రంధ్రములుండు బొగ్గుదిమ్మలను, యొంతాన్‌ను, పొయ్యిలలోనికి తెచ్చిరి. కొండలు మరల పచ్చబడినవి. కట్టెపొగ గదిలోనికి వచ్చినచో కన్ను మండి మనిషి మేల్కొనును. బొగ్గునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. కాగితము చిరిగి, మట్టి బీటలువారిన పాతనేలలగుండ అది నిద్రించువారి గదిలోనికి ప్రాకెను. చలిగాలి రాకుండ తలుపుసందులను ఎంత శ్రద్ధగా మూసిరో అంతగా ఆ విషము లోపలనే నిలిచెను. ఏటేట వేలమంది దానిపాలబడిరి. స్పృహతప్పినవారికి ముల్లంగి ఊరగాయనీరు త్రాగించుట ఆనాటి గృహవైద్యము. గాలి దూరకుండుటయు, ఊపిరాడుటయు పరస్పరవిరుద్ధములు గావచ్చునన్న సంగతి ఇంత కఠినముగా మరియే దేశమును నేర్చుకొనలేదు.

విముక్తి వేడినీటి రూపమున వచ్చినది. 1970లనుండి బహుళాంతస్తుల భవనములలో పొగకాలువకు బదులు నీటిగొట్టము, పొయ్యికి బదులు బాయిలరు చేరెను. చమురుసంక్షోభముల అనంతరము ప్రభుత్వము క్రొత్తయిండ్లకు ఉష్ణబంధకపు పొరలను శాసనముచే విధించెను. నేడు సియోల్‌లో అపార్టుమెంటు నేలను కోసి చూచినచో, అడుగున సుమారు 210 మిల్లీమీటర్ల కాంక్రీటు, దానిపై నురుగుపలక, దానిపై గాలిబుడగల తేలిక కాంక్రీటు, అటుపై గొట్టములను కప్పిన సిమెంటుపూత, చివర పైనేల కనబడును. ఈ మధ్యపొరకు ఇపుడొక రెండవ కొలువు పడినది. పైయింటి పిల్లవాని పరుగు క్రిందియింటికి వినబడుటపై ఆ నగరమున వ్యాజ్యములు, కొట్లాటలు నిత్యకృత్యములు. కనుక వేడిని ఆపుటకు పెట్టిన పలకయే చప్పుడునుగూడ మ్రింగవలెనని నిబంధన. ఒక పనికి పుట్టిన పదార్థము రెండవపనిలో అంతగా రాణించుటలేదని నివాసుల ఫిర్యాదు.

2018లో దక్షిణకొరియా ఒందోల్ సంస్కృతిని జాతీయ అమూర్తవారసత్వముగా ప్రకటించినది. అప్పటికే ఆ సంస్కృతి రుచి మారిపోయినది. గోడలు, కిటికీలు, నేలయడుగు అన్నియు కట్టుదిట్టమైన యింటిలో గది వెచ్చగా నుండుటకు నేల గాలికంటె రెండుమూడు డిగ్రీలు మించి కాగనక్కరలేదు. అంతకు మించి కాచినచో ఉక్క పోయును. నేల 23 డిగ్రీలున్నప్పుడు అరికాలికి అది వెచ్చగా తోచదు. అరెన్మోక్ లేదు, విన్మోక్ లేదు; తాతకొక చోటు, మనుమనికొక చోటు అన్న తారతమ్యమును లేదు. పాక్ జివోన్ చూచినచో ఆరు దోషములును తీరెనని సంతసించి యుండునుగాని, నడుమును నేలకానించి కాచుకొనుటకు అలవాటుపడిన వృద్ధులకు ఈ నిర్దుష్టమైన నేల నచ్చలేదు. వారికొరకు అంగళ్లలో రాతిమంచములు అమ్ముచున్నారు: పైన నున్నని బండ, బండ అడుగున విద్యుత్తీగెలు, ఆ తీగెల వేడి మంచపుకొయ్యకు దిగకుండ వాని క్రింద మరల నొక ఉష్ణబంధకపు పలక.